మా పాప కోసం కాంకే నీళ్ళు

చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో పొయ్యి మీద ఏదో ఒకటి మరుగుతూనే ఉండేది. ఛత్తీస్‌గఢ్‌లోని గుఢియారీలో రైలు పట్టాల పక్కన ఇల్లు మాది. తలుపులు ఎంత బిగించినా మంచు సందుల్లోంచి లోపలికి వచ్చేది. మా అమ్మకు అన్నిటికీ శొంఠి కాఫీయే మందు. జలుబుకి అదే, కడుపునొప్పికి అదే, నేను పరీక్ష తప్పినా అదే. ఎదురింటి చాచీ ఛత్తీస్‌గఢీ మనిషి. ఆవిడ తులసి, మిరియాలు, బెల్లం వేసి కషాయం కాచేది. ఒకరు కాచింది ఒకరు తాగి, మూతి విరిచి, మర్నాడు మళ్ళీ గ్లాసు పట్టుకుని వచ్చేవారు. "ఆ కసాయం తాగితే ఉన్న ఆకలి కూడా సచ్చిపోతాదే" అని మా అమ్మ నాతో తెలుగులో గొణిగేది. ఆవిడ తన భాషలో తన కోడలితో ఏం గొణిగేదో ఊహించుకోవచ్చు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా విడిపోయిన రోజుల్లో, మంచి చలిలో, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. మా ఆయన మా కాపురం ఉన్న బీర్‌గావ్‌లోనే ఉండి ఫ్యాక్టరీ షిఫ్టులు చేసుకునేవాడు. నా నెలలు నిండకముందే చాచీ కాంకే సామాను తెప్పించి పెట్టింది. కాంకే నీళ్ళంటే బాలింత కోసం ఇక్కడివాళ్ళు కాచే కషాయం. ఏవో అడవి వేళ్ళూ చెక్కలూ, శొంఠి, వాము, బెల్లం వేసి పెద్ద గిన్నెలో మరిగిస్తారు. తల్లి తాగుతుంది. ఆరో రోజున ఛట్టీ వేడుక చేసి, బిడ్డను చూడవచ్చిన ఆడవాళ్ళందరికీ వేడివేడిగా పోస్తారు. బిడ్డ పుట్టిందని వీధి వీధంతా ఒప్పుకోవడం అలా జరుగుతుంది.

నాకు ఆడపిల్ల పుట్టింది. ఊపిరి సరిగా అందలేదు. మర్నాటి మధ్యాహ్నానికి లేదు.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ చిన్న బట్టలన్నీ ఎక్కడో దాచేసింది. "ఆ మాట మరెత్తకు. మర్సిపోవాల. మళ్ళీ కడుపు పండుతాది" అంది. ఆమె చెప్పిందంటే ఆ ఇంట్లో అదే చట్టం. నాన్న పేపరు వెనక దాక్కున్నారు. మా ఆయన వచ్చి, మంచం చివర కూర్చుని, పొగమంచుకు బళ్ళన్నీ లేటని చెప్పి, మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. వీధిలోవాళ్ళు మర్యాదకని రావడం మానేశారు. కానీ పాలు ఆగలేదు. మా వైపు మల్లెపూలు కడతారు, పాలు ఇంకిపోవడానికి. ఆ చలిలో మల్లెలెక్కడ దొరుకుతాయి? అమ్మ క్యాబేజీ ఆకులు పెట్టి పాత చీర గుడ్డతో గుండె బిగించి కట్టింది. కడుతున్నంతసేపూ నా ముఖం చూడలేదు.

బిడ్డ పోయిన దుఃఖం ఒక ఎత్తు. ఆ బిడ్డ అసలు పుట్టనే లేదన్నట్టు అందరూ తిరుగుతుంటే నాకు వచ్చిన కోపం ఇంకో ఎత్తు. ఏడిస్తే ఓదార్చడానికి మనుషులున్నారు. పాప గురించి మాట్లాడదామంటే మాత్రం ఒక్కరూ లేరు. దాన్ని ఎత్తుకున్న కాసేపటిలో చూసినదంతా నా ఒక్కదాని దగ్గరే ఉండిపోయింది, అది కూడా ఎక్కడ చెరిగిపోతుందోనని భయం వేసేది.

ఆరో రోజు పొద్దున్న అమ్మ ఎప్పటిలాగే శొంఠి కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి తలుపు చప్పుడైంది. చాచీ. రెండు చేతులతో గుడ్డ చుట్టిన గిన్నె. ఆవిడ వెనకే మా వీధి ఆడవాళ్ళు ముగ్గురు, శాలువాలు కప్పుకుని. వాసన చూడగానే అదేమిటో అమ్మకు తెలిసిపోయింది. గుమ్మానికి అడ్డంగా నిలబడి, తన వచ్చీరాని హిందీలో, "నహీ దీదీ. బచ్చా తో నహీ హై" అంది. బిడ్డే లేదు కదా అని.

చాచీ గిన్నె కింద పెట్టలేదు. "మహతారీ తో హవయ్ న" అంది. తల్లి ఉంది కదా అని.

అలాంటప్పుడు కాంకే కాచడం వాళ్ళలోనూ లేదు. అది నాకు తర్వాత ఆవిడ కోడలు చెప్పింది. అత్తాకోడళ్ళకు పెద్ద గొడవే అయిందట.

అమ్మ పక్కకు జరిగింది. వాళ్ళు చాప మీద కూర్చుని అందరికీ పోశారు. ఘాటుగా, చేదుగా, అడుగున బెల్లం తీపి. గొంతు దిగుతుంటే ఒళ్ళంతా వెచ్చబడింది. దీవెనలు లేవు, పాటలు లేవు. అందరం గ్లాసుల మీద ఊదుకుంటూ తాగాం. చాచీ తనది పూర్తిగా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, ఏ ఇంట్లోనైనా అడిగినట్టే మామూలుగా అడిగింది:

"కిస్ పే గయీ థీ, బేటీ?"

పాపది ఎవరి పోలిక అని. ఆ మాట అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. ఎంత తొందరగా చెప్పానో! జుట్టు ఒత్తుగా ఉందన్నాను. వేళ్ళు పొడుగన్నాను. ముక్కు ఆయనదన్నాను. నుదురు ఎవరిదో తెలియడం లేదు, సరిగ్గా చూడలేదు అన్నాను.

"నుదురు మా అమ్మది."

వంటింటి గుమ్మం దగ్గర మా అమ్మ. ఎవరివైపూ చూడకుండా తెలుగులోనే చెప్పింది.

"సెవులు నీయే. గెడ్డం మీద సిన్న సొట్ట, అది మీ నాన్నది. ఆకరిసారి నీళ్ళు పోసింది నేనే కదే. అంతా సూసేను."