పియానో సార్ ఉంచిన ఖాళీ జాగా

మా పైవాటాలో ఉండే పియానో సార్ పోయిన మంగళవారం పొద్దున ఆస్పత్రిలో కన్నుమూశారు. ఫోన్ చేసి చెప్పింది ఆయన బృందంలో పాడే అమ్మాయి. నాంపల్లిలో ఆయనకూ నాకూ మెట్లు ఒక్కటే, అయినా కబురు నాకు బషీర్‌బాగ్‌లోని స్టూడియో నుంచి రావలసి వచ్చింది. వారం రోజులుగా పైన చప్పుడు లేకపోతే, నా మీద కోపమేమో అనుకున్నాను. నాలుగు నెలలుగా ఆయనకు ఎదురుపడకుండా తప్పించుకు తిరుగుతున్నది నేనే మరి.

ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉండి, మేం మొదటిసారి సరిగ్గా మాట్లాడుకున్నది అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర. ఆయన ఉర్దూ మీడియంలో చదివిన పాత హైదరాబాదీ, తెలుగు కూడబలుక్కుని చదివేవారు. ఒక కవితల పుస్తకం నా చేతిలో పెట్టి, "టీచరమ్మా, జర ఒక పేజీ చదువున్రి" అన్నారు. ఆటోల మోతలోనే చదివాను. ఆయన పుస్తకాల దొంతర మీద వేళ్లు ఆడిస్తూ విన్నారు. అర్థం అడగలేదు. నేను చదవడం కంటే మధ్యలో ఆగడం బాగుందట. అంత విచిత్రమైన మెప్పు నా పంతులమ్మ ఉద్యోగం మొత్తంలో ఎవరూ ఇవ్వలేదు.

ఆయన పియానోలో ఒక మీట పలికేది కాదు. బాగుచేయించమంటే నవ్వేవారు. వేలు అక్కడికి రాగానే ఆ స్వరం నోటితో అనేవారు. కింద వంటింట్లో నాకు పియానో, నడుమ నడుమ ఒక "ఊఁ" వినిపించేవి. పైన ఆయన ఒక్కరే. మా ఆయన పోయాక కింద నేనూ ఒక్కదాన్నే. కూర తరుగుతూ ఆ "ఊఁ"కి నేనూ చాలాసార్లు ఊఁ కొట్టాను. ఆ సంగతి ఆయనకు చెప్పనే లేదు.

డెబ్బై దాటాక ఆయనకు ఆల్బం చెయ్యాలని బుద్ధి పుట్టింది. తన జాజ్ పియానో, బాస్ గిటార్, డ్రమ్స్, ఆ అమ్మాయి పాట, మధ్యలో నేను చదివే నా కవితలు. నా వంతు రాగానే మిగతావాళ్లంతా ఆగేవారు. ఆయన మాత్రం ఒక చిన్న ముక్కనే తిప్పి తిప్పి వాయిస్తూ ఎదురుచూసేవారు. నా గొంతు వినబడ్డాకే ముందుకు కదిలేవారు. నేను కంగారుపడితే, "ఖాళీ జాగా ఉండనియ్యాలె టీచరమ్మా. గాడ గూడ పాట ఉంటది" అనేవారు.

చివరి కవిత మా ఆయన మీద రాసింది. ఎనిమిదే పంక్తులు. బషీర్‌బాగ్ స్టూడియోలో సార్ మొదలుపెట్టారు. ఆ చిన్న ముక్క మీదే నాలుగు చుట్లు తిరిగారు, ఐదోదీ తిరిగారు. నాకు నోరు పెగల్లేదు. కాగితం అక్కడే పెట్టి ఇంటికి వచ్చేశాను. సాయంత్రం మెట్ల దగ్గర కనబడి, "ఫికర్ చెయ్యకున్రి. మీరొచ్చేదాక నేను గాడనే తిరుగుతుంట" అన్నారు. రేపు, ఎల్లుండి అంటూ నెలలు దొర్లించాను. సిగ్గు, అంతే. ఇప్పుడు ఆ సిగ్గు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

నేను లేచి వచ్చేశాక కూడా ఆయన వాయిస్తూనే ఉన్నారట. ఆ రికార్డింగ్ ఆ అమ్మాయి నాకు పంపింది. మీరు చదివితే కలుపుతాం, లేకపోతే ఉత్త పియానోనే ఉంచుతాం అంది. స్టూడియో పియానోలో అన్ని మీటలూ పలుకుతాయి. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది, ప్రతి చుట్టులోనూ అదే చోట ఆయన "ఊఁ" ఉంది. తీసేయమంటారా అని అడిగితే వద్దన్నాను.

రేపు స్టూడియోకి వెళ్తున్నాను. ముందు ఇంట్లో చదివి చూసుకుందామని పొద్దున వంటింట్లో ఫోన్‌లో ఆ రికార్డింగ్ పెట్టుకుని కూర్చున్నాను. రెండు చుట్లు ఆగి మొదలుపెట్టాను. ఈసారి ఆగలేదు. ఎనిమిది పంక్తులూ అయిపోయాయి. పియానో మాత్రం ముందుకు కదల్లేదు. నేనింకా రాలేదనుకుని ఆయన అక్కడే తిరుగుతున్నారు.