నల్లచార పక్కన

డిగ్రీ సీటుకు పెట్టుకున్నప్పుడు నవత మొదట రాసింది కంప్యూటర్లు. దొరికింది జియాలజీ. ఆమె తండ్రి పరశురాములు సిరిసిల్లలో సాంచాలు నడిపే మనిషి. మరమగ్గాల మోతలో బతుకంతా గడిపేసరికి చెవులు మందగించాయి. ఇంట్లో ఏ మాటైనా ఆయనకు అరిచి చెప్పాల్సిందే.

"రాళ్ల సదువా బిడ్డా? రాళ్లల్ల ఏం సదువుతరే?" అన్నాడు.

"అవెట్ల పుట్టినయో సదువుతరు నాయినా!" అని అరిచింది నవత.

"రాయి గూడ పుడ్తదా?" అని ఆయన నవ్వాడు. ఇష్టం లేకుండానే హైదరాబాదు బస్సెక్కించాడు.

నవతకూ ఇష్టమేమీ లేదు. మొదటి ఏడాది ఆఖర్న లెక్చరరు క్లాసునంతా ఊరవతల ఒక గుట్ట మీదికి తీసుకుపోయి, "ఇది గుట్టగా పుట్టలేదమ్మా" అన్నాడు. భూమి లోపల ఎంతో లోతున, కరిగిన రాయి లక్షల ఏళ్లు నిదానంగా చల్లబడి గింజ కట్టిందట. ఎర్ర గింజ, పలుగురాయి గింజ, నల్ల గింజ కంటికి కనబడేంతగా పెరిగాయంటే ఆ నిదానమే కారణమట. పైనున్న నేలంతా ఎండకూ వానకూ అరిగిపోతే అడుగునున్నది బయటపడింది. భారం దిగితే మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. రాయి మాత్రం ఉబ్బి, పొరలు పొరలుగా పగులుతుంది. నవత ఆ పగుళ్ల మీద చెయ్యి పెట్టి చూసింది. ఎండకు కాలుతున్న రాయి. అప్పటి నుంచి ఆ చదువు ఆమెను వదల్లేదు. ఎమ్మెస్సీ కూడా అదే చేసింది.

సర్కారు కొలువు కోసం చూసి చూసి విసిగిపోయాక కోరుట్ల అవతల ఒక గ్రానైటు క్వారీలో పని దొరికింది. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి కంపెనీకి ఒక చదువుకున్న మనిషి కావాలి. నవత కోరుట్లలో గది తీసుకుని, రోజూ ఆటోలో గుట్టకు పోయి వచ్చేది. సిరిసిల్లలో సాంచాలు అప్పటికే సగం రోజులు బందు. తమ్ముడు అఖిల్ ఇంకా చదువుకుంటున్నాడు. ఇల్లు నవత మీద నడుస్తోంది.

క్వారీలో ఆమెతో మనసుపెట్టి మాట్లాడే మనిషి ఒక్కడే, ఎల్లన్న. గుట్ట కింది ఊరివాడు. దుబాయిలో కొన్నాళ్లు చేసి వచ్చి, ఇక్కడ డ్రిల్లు మిషను పట్టాడు. పొద్దున రాగానే రాయి కోసిన గుంత అంచు మీది నుంచి ఆఫీసు రేకుల షెడ్డు వైపు చెయ్యి ఎత్తేవాడు. నవతా ఎత్తేది. అది వాళ్ల పలకరింపు.

ఒకరోజు అన్నం తినేవేళ ఎల్లన్న ఆమెను గుంత అడుగుకు తీసుకుపోయి ఒక బూడిదరంగు రాయిని చూపించాడు.

"గీ చారలు సూడున్రి మేడం. చీర కుచ్చిళ్ల లెక్క మడతలు వడ్డయ్. నేను కొడ్తె వలుగుతది గని వంగదాయె. గిదెట్ల వంగింది?"

"లోపట మస్తు వేడి ఉంటది ఎల్లన్నా. అన్ని దిక్కులకెళ్లి ఒత్తుడు ఉంటది. గట్ల నిమ్మలంగ లక్షల ఏండ్లు ఒత్తితె రాయి గూడ వంగుతది. మీదికచ్చి సల్లవడ్డంక దెబ్బ వడితె వలుగుతది."

"మరి గా నల్లచార ఏంది?"

ఎర్ర గ్రానైటు గుట్టను నిలువునా కోస్తూ, నల్లటి రాయి ఒకటి గోడలా పోతుంది. గ్రానైటు గట్టిపడ్డ చాలాకాలానికి నెర్రె విచ్చితే, ఆ నెర్రెలోకి కింది నుంచి ఇంకో కరిగిన రాయి పొంగి అక్కడే గడ్డకట్టిందని నవత చెప్పింది. ఎల్లన్న నల్లచారను అరచేత్తో తట్టి, "అయితె ఇది మన గుట్టకు ఇల్లరికం అచ్చిందన్నట్టు" అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

ఆ ఏడు వానలు విడవకుండా కొట్టాయి. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం నవత గుంతలోకి దిగి చూస్తే, నల్లచారా గ్రానైటూ అతుక్కున్న చోటు నుంచి పాలలాంటి నీళ్లు కారుతున్నాయి. సుత్తి మొనతో పొడిచింది. మొన తడి గోడలో మేకులా దిగిపోయింది. నీళ్లు ఏళ్ల తరబడి ఆ సందులోకి ఇంకి, గ్రానైటులోని ఎర్ర గింజలన్నిటినీ సుద్ద చేశాయి. పలుగురాయి గింజ ఒక్కటే చావక ఇసకలా మిగిలింది. నల్లచారకూ గుంతకూ నడుమ ఇంకా కోయని గ్రానైటు పలక ఇంటి గోడంత ఎత్తున నిలబడి ఉంది. వెనక సుద్ద. కింద దాన్ని ఆపే రాయిని వీళ్లే కోసి తీసేశారు.

ఆమె ఉరుకుతూ మేనేజరు మహేందర్ దగ్గరికి పోయింది. మహేందర్ అరిచే మనిషి కాదు. ఏ మాటైనా నవ్వుతూనే చెబుతాడు.

"సార్, గుంత అడుగున పని ఆపాలె. గా పలక జారుతది."

"లక్షల ఏండ్ల సంది నిలవడ్డదని నువ్వే చెప్తవ్. ఇంకో నెల నిలవడదా?"

"దాని కాళ్లకాడ మనమే కోసినంగద సార్. ఆనుడు పోయింది. ఎనుక సుద్ద నానుతున్నది."

"నవతా, సూసుడు నీ పని. తీసుడు మా పని."

"అయితె పనోళ్లకు నేనే చెప్త సార్."

మహేందర్ నవ్వు ఆపలేదు. "చెప్పు. రేపటి సంది సిరిసిల్లల సాంచాల కాడ కండెలు చుట్టుకుంట గూడ చెప్పుకో."

ఆఫీసు బయట డీజిలు డబ్బా కోసం వచ్చిన ఎల్లన్న నిలబడి ఉన్నాడు. నవత తల వంచుకుని ఆయన పక్క నుంచే పోయింది. చెప్పాలనే అనుకుంది. అఖిల్ గుర్తొచ్చాడు, ఇల్లు గుర్తొచ్చింది. రేపు ఇంకోసారి సారును అడుగుదాం, అప్పుడూ వినకపోతే చెబుదాం అనుకుంది.

తెల్లారి ఆమె షెడ్డులో సంచి దించుతుంటే, పనివాళ్లంతా గుంత అంచు మీద ఆగి ఉన్నారు. తెల్ల నీళ్లను వాళ్లూ చూశారు. మహేందర్ వాళ్ల నడుమ నిలబడి ఏదో చెబుతూ షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. పనివాళ్లు ఇటు తిరిగారు. కంప్రెషరు మోతలో నవతకు ఒక్క మాటా వినబడలేదు. ఎల్లన్న గుంపులోంచి ముందుకు వచ్చి, ఆమె వైపు చెయ్యి ఎత్తి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

రోజూ ఎత్తే చెయ్యే అనుకుంది నవత. తనూ ఎత్తింది.

ఎల్లన్న చెయ్యి దించి, డ్రిల్లు భుజాన వేసుకుని కిందికి దిగాడు. అందరికంటే ముందు దిగాడు. ఆయన దిగడం నవత చూసింది. మహేందర్ అప్పటికే గుంపులో లేడు. సారును వెతుక్కుంటూ షెడ్డు వెనక్కి ఉరికింది. అక్కడ ఆయన లేడు. మళ్లీ ముందుకు వచ్చేసరికి కాళ్ల కింద నేల ఒక్కసారి అదిరింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. బస్తా దించినట్టు ఒక మెత్తటి మోత, ఆ వెనక దుమ్ము.

పలక మొత్తం ఒక్కటిగా జారి, గుంత అడుగున వెల్లకిలా పడింది. మిగతావాళ్లు ఇంకా మెట్ల మీదే ఉన్నారు. ఎల్లన్న ఒక్కడే దాని కింద పడ్డాడు.

దుమ్ము తగ్గాక అందరూ ఆ రాయి చుట్టూ చేరారు. అప్పుడు వినబడింది. టంగు, టంగు. రాయి కింద ఎక్కడో ఇనుము కొట్టుకుంటోంది. పలక ఒక పక్క ఇంకో బండ మీద ఆనుకుని ఆగింది, ఆ సందులో ఎల్లన్న బతికే ఉన్నాడు.

"వరుసగ తూట్లు గొట్టి, ఉలులు దిగ్గొట్టి వలగ్గొట్టున్రి. సగం రాయి లేపొచ్చు!" అని నవత అరిచింది. పనివాళ్లు డ్రిల్లులు అందుకున్నారు.

"ఆగున్రి" అన్నాడు మహేందర్. "వలగ్గొడ్తె కిందోనికి దెబ్బ తలుగుతది. పెద్ద క్రేను పిలిపించిన. అట్లనే లేపుదాం."

పలక చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎక్కడా నెర్రె లేదు. పగలకుండా అమ్మకానికి పోయే అంత పెద్ద బ్లాకు ఆ గుట్టలో అంతవరకు ఎప్పుడూ రాలేదు. ఆయన దాన్ని చూసిన చూపును పనివాళ్లూ చూశారు, నవతా చూసింది. ఎవరూ డ్రిల్లు ఆన్ చెయ్యలేదు.

ఎల్లన్న భార్య సత్యవ్వ పత్తి చేనులోంచి అలాగే ఉరికొచ్చింది. రాయికి చెవి ఆనించి, "ఇన్నవా, అస్తున్నరు, నిన్ను తీస్తరు" అని ఒకటే మాట చెబుతూ కూర్చుంది. టంగు, టంగు అని జవాబు వచ్చేది. మధ్యాహ్నానికి దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎడం పెరిగింది. ఆ తర్వాత రాలేదు. సత్యవ్వ చెవి తియ్యలేదు. "నిద్రవట్టినట్టున్నది" అంది.

క్రేను పొద్దుగూకే ముందు వచ్చింది. బెల్టులు వేసి, మూలలకు గోనె పట్టాలు చుట్టి, రాయిని భద్రంగా లేపారు. బ్లాకు ఎక్కడా చెదరలేదు. ఎల్లన్న నడుము కింద ఏమీ మిగల్లేదు. జగిత్యాల ఆసుపత్రిలో కోసి చూసిన డాక్టరు, చాలాసేపు బతికే ఉన్నాడని చెప్పాడు.

విచారణలో మహేందర్ నెమ్మదిగా, బాధగా మాట్లాడాడు. రాయి సంగతి తనకేం తెలుస్తుంది, దానికి చదువుకున్న మేడం ఉంది. మేడం చూసి సరే అన్నాకే పనివాళ్లు దిగారు. కావాలంటే వాళ్లనే అడగండి అన్నాడు. పనివాళ్లను అడిగారు. మేడం చూసింది, ఏం కాదన్నదని మేనేజరు సారు చెప్పిండు, మేం మేడం దిక్కు సూసినం, మేడం చెయ్యి ఎత్తింది అన్నారు. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు.

"చెయ్యి ఎత్తినవా?" అని అధికారి నవతను అడిగాడు.

"ఎత్తిన సార్. కని గది..."

"ఎందుకనేది తర్వాత. ఎత్తినవా లేదా?"

"ఎత్తిన."

కేసులో ఆమె పేరు ఎక్కింది. సిరిసిల్ల నుంచి పరశురాములు జగిత్యాల ఠాణాకు వచ్చాడు. వాకిట్లో ఎల్లన్న వాళ్లూ, క్వారీ పనివాళ్లూ నిలబడి ఉన్నారు. నవత తండ్రి చెవి దగ్గరికి వంగి, ఏం జరిగిందో మెల్లగా చెప్పింది.

"ఏమన్నవ్ బిడ్డా?"

ఇంకొంచెం గట్టిగా చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"నేను చెయ్యి ఎత్తిన నాయినా! నేను చెయ్యి ఎత్తితెనే దిగిండు!"

వాకిలంతా ఇటు తిరిగింది. పరశురాములు బిడ్డను చూసి, వాళ్లను చూసి, వాళ్ల వైపు రెండు చేతులు జోడించాడు. నవత ఆయన చేతులు పట్టుకుని దించబోయింది. ఆయన దించలేదు.

వానలు పోయేసరికి క్వారీ మళ్లీ తెరిచారు. మహేందర్ తన కుర్చీలోనే ఉన్నాడు. నవత బెయిలు మీద బయటికి వచ్చి, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా గుట్ట కింది ఊరికి పోయింది. సత్యవ్వ పొయ్యి ముందు పెద్ద గంజులో అన్నం కలుపుతోంది. క్వారీ పనివాళ్లకు వండిపెట్టే పని కంపెనీ ఆమెకే ఇచ్చింది. ఎల్లన్న డ్రిల్లు ఇప్పుడు ఆమె మరిది పట్టాడు.

"నేను సరే అనలేదు సత్యవ్వా" అంది నవత నిలబడే. "ముందటి దినమే ఆపుమన్న. మేనేజరు ఇనలేదు."

"నాకెరుకే" అంది సత్యవ్వ, తల ఎత్తకుండా. "ఆ రాత్రే అన్నడు ఆయన. మేడం గా గోడ మంచిగ లేదంటున్నది, సారు ఇంటలేడు అని."

నవత పొయ్యి దగ్గరికి వచ్చింది. "మరి ఎందుకు దిగిండు?"

"మేడం ఒప్పుకున్నదని సారు చెప్పిండట. ఈయన నమ్మలే. గందుకే నీ దిక్కు సూసిండు. చెయ్యెత్తి నిన్నే అడిగిండు. నువ్వు వద్దని చెయ్యి ఊపితె దిగకపోతుండె."

"గా మాట కోర్టుల చెప్పు అవ్వా. మేనేజరు ఇనలేదని ఆయన ఇంట్ల అన్నడని చెప్పు."

"చెప్పను."

సత్యవ్వ గంజు దించి, చేతులు కొంగుకు తుడుచుకుని అప్పుడు చూసింది.

"మరిది గా క్వారీలనే జేస్తుండు. నేను అండ్లనే జేస్తున్న. మనిషి వాయె, కూడు గూడ పోగొట్టుకుందునా? ఇంకోటి ఇను. నీ మీద కోపం లేదనుకుంటున్నవేమో. ఉన్నది. మేనేజరు మీదికంటె నీ మీదనే ఎక్కువున్నది. వాడు ఎసొంటోడో ఊరందరికెరుక. వాన్ని నమ్మి ఎవలు దిగరు. మా ఆయన నమ్మింది నిన్ను. జారుతదని ఎరుకుండి రాత్రంత నోరు మూసుకున్నవ్. నువ్వు గూడ కూడు కోసమే మూసుకున్నవ్. నేను మూసుకుంటె తప్పా?"

సత్యవ్వ గంజు నెత్తిన పెట్టుకుని, "మల్ల రాకు. ఎవలన్న సూస్తె నా పని వోతది" అని గుట్ట దారి పట్టింది.

కోర్టులో ఆమె అన్నట్టే చెప్పింది. మేడం చెయ్యి ఎత్తిందని విన్నానంది, ఇంకేమీ తెలియదంది. తీర్పు ఇంకా రాలేదు. వాయిదా పడిన ప్రతిసారీ నవత పొద్దున్నే బస్సెక్కి జగిత్యాల పోతుంది, చీకటి పడేవేళకు తిరిగొస్తుంది. మిగతా రోజుల్లో సిరిసిల్లలో బట్టలు కుట్టే చోట కాలర్లు కుడుతుంది. పక్క మిషను మీద కుట్టే దుర్గవ్వ ఒకసారి, "ఏం సదివినవే నువ్వు?" అని అడిగింది. "డిగ్రీ" అని, నవత కాలరు తిప్పి కుట్టుకుంది.