అమ్మ వినేసిన మాట

నా చిన్నప్పుడు మా తమ్ముణ్ణి ఒకచోట కూర్చోబెట్టడమే ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన పని. కృష్ణానగర్‌లో మాది ఒంటిగది ఇల్లు. నాన్న సినిమాల్లో లైట్‌మన్. తమ్ముడు అమ్మ కడుపులో ఉండగా నాన్న సెట్లో ఎత్తు మీద నుంచి పడిపోయి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ, మళ్లీ పనికి వెళ్లలేదు. అమ్మ ఫిల్మ్ నగర్‌లో రెండిళ్లలో వంట చేసేది.

తమ్ముడు రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. పేరు పెట్టి పిలిచినా వినిపించుకునేవాడు కాదు. వాడికి ఐదేళ్లప్పుడు ఒకరోజు బడిలో టీచరమ్మ అమ్మను పిలిపించి, కుదురుగా కూర్చోవడం నేర్చుకున్నాకే పంపమంది. అమ్మ వాణ్ణి ఇంటికి తెచ్చి, "కాస్త అక్షరాలు దిద్దించవే" అని నాకు అప్పజెప్పి పనికి వెళ్లిపోయింది.

నాకు పన్నెండేళ్లు. వాడు 'అ' సగం రాసి లేచాడు. కూర్చోబెట్టాను, మళ్లీ లేచాడు. కొట్టాను. చివరికి వాడి కాలిని తువ్వాలుతో కిటికీ ఊచకు కట్టేశాను. వాడు ఏడవలేదు, కాలు లాగుతూనే ఉన్నాడు. చర్మం ఎర్రగా కందిపోయింది. మంచం మీద నుంచి నాన్న చూస్తూనే ఉన్నాడు.

అప్పుడు వచ్చింది పక్కింటి అక్క. జూనియర్ ఆర్టిస్టులకు జడలు వేసే పని ఆమెది. నన్ను తిట్టలేదు. ముడి విప్పి, వాడి కాలికి కొబ్బరినూనె రాసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ నాయిన పడ్డప్పుడు మీ అమ్మ దవాఖాన వరండాలనే నిలబడేది బిడ్డా. జర కూసో అంటే వినలే. తిండి లేదు, నిద్ర లేదు. కడుపుల ఉన్నోడు గూడ గా ఫికర్‌లనే పెరిగిండు. ఇంక వానికి కూసునుడు ఎట్లొస్తది? కొట్టకు."

మేం చూసుకోలేదు, పని నుంచి వచ్చిన అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అయితే వాణ్ణి ఇలా చేసింది నేనేనా?" అంది నెమ్మదిగా.

"అట్ల గాదు వదినా, నేనన్నది గది గాదు" అంటూ అక్క లేచింది. ఎంత చెప్పినా అమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అమ్మ అన్నం కలుపుకుని గదంతా వాడి వెనకే తిరుగుతూ తినిపించింది. ఒక్కసారి కూడా కూర్చోమనలేదు.

కడుపుతో ఉన్న తల్లి పడే దిగులు బిడ్డ మీద పడవచ్చని ఇప్పుడు డాక్టర్లూ అంటున్నారు. అందరు పిల్లలకీ అలా జరగదనీ, అదొక్కటే కారణం కాదనీ, తల్లిని తప్పుపట్టకూడదనీ కూడా అంటున్నారు. ఇవన్నీ అమ్మకు ఎన్నోసార్లు చెప్పాను. చివరి రోజుల్లో కూడా, "వాడు కడుపులో ఉన్నప్పుడు కాసేపైనా కూర్చోవాల్సింది" అంది. నీ తప్పు కాదమ్మా అంటే, చిన్నపిల్లను సముదాయించినట్టు నా చెయ్యి నిమిరింది.

తమ్ముడికి నలభై దాటాయి. ఏ పనిలోనూ ఏడాది నిలవడు. అక్క మాట విన్నాక వాడి మీద మళ్లీ చెయ్యెత్తలేదు నేను. అదే మాటను అమ్మ గుండె మీద నుంచి మాత్రం దించలేకపోయాను.