దసరానాటి ఖాళీ చప్పుడు

కుట్టుమిషనుకు నూనె వేసినప్పుడల్లా ఆ వాసనకి రేపల్లె దగ్గర మా అమ్మమ్మగారి ఊరు, దసరా సెలవులు, బీరువాలోంచి తీసిన పాత రైఫిలును ఒళ్ళో పెట్టుకుని నూనెగుడ్డతో తుడుస్తూ తన లోకంలో తానుండే తాతయ్య, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొస్తాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఆ రైఫిలు అసలు అమ్మమ్మ వాళ్ళ నాన్నది. వరి పాలుపోసుకునే రోజుల్లో పిట్టలు మందలుగా వాలుతుంటే, ఆయన పొద్దుగూకేవేళ గట్టు మీద నిలబడి ఒక్క తూటా ఆకాశంలోకి పేల్చి ఇంటికి బయల్దేరేవాడట. ఆ చప్పుడు వినగానే చిన్నపిల్ల అయిన అమ్మమ్మ బియ్యం కడిగి ఎసట్లో పోసేదట. ఆయన పోయాక లైసెన్సు, రైఫిలు, ఆ అలవాటు మూడూ తాతయ్యకు వచ్చాయి.

ఆయుధపూజ రోజు గారెల వాసన, పులిహోర పోపు ఇల్లంతా కమ్ముకుని ఉండగా కొడవళ్ళు, నీళ్ళ మోటారు, మామయ్య స్కూటరు పక్కన రైఫిలుకూ బొట్టు పెట్టి బంతిపూలు చుట్టేవాళ్ళు. పండగనాడు ఆయుధం మూగగా ఉండకూడదని మా ఇంట్లో ఆనవాయితీ. ఇంటిల్లిపాదీ వరసగా వచ్చి ఖాళీ రైఫిలు ట్రిగ్గరు ఒక్కోసారి నొక్కి కళ్ళకద్దుకునేవాళ్ళం. ఆ రకం రైఫిల్లో ట్రిగ్గరు నొక్కగానే లోపలి సన్నటి ఉక్కు పిన్ను వెళ్ళి తూటా అంచును కొట్టాలి, తూటా లేకపోతే గొట్టం ఇనుమునే కొడుతుంది. ఏళ్ళ తరబడి మేం భక్తిగా చేసిందల్లా ఆ సన్నటి పిన్నును ఇనుముకేసి కొట్టడమే.

ఆ ఏడు అమ్మమ్మ మంచం పట్టింది. పండగ మర్నాడు చీకటిపడ్డాక నీరసంగా అడిగింది.

“ఏమండీ, ఇవాళ చప్పుడు వినపళ్ళేదేంటండీ?”

పొలంలో ఎంత నొక్కినా పేలని రైఫిలును తాతయ్య విప్పి చూశాడు. పిన్ను కొన విరిగిపోయి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టి మాకు చూపించాడు. “మన చేత్తో మనమే విరగ్గొట్టుకున్నామర్రా,” అన్నాడు.

అంత పాత రైఫిలుకు పిన్ను ఎక్కడా దొరకదు, చేయించాల్సిందే. తెనాలిలో తుపాకుల మరమ్మతు లైసెన్సున్న మస్తాన్ దగ్గరికి బస్సులో నేనూ వెంట వెళ్ళాను. విరిగిన ముక్కను పక్కన పెట్టుకుని ఉక్కు కడ్డీని ఆకురాయితో అరగదీస్తున్నంతసేపూ అతను తన పనితనం గురించి గొప్పలు చెప్పుకుంటూనే ఉన్నాడు.

“కంపెనీవాడు కూడా ఇలా చెయ్యలేడండి, బాబాయ్‌గారూ!”

ఆ సాయంత్రం పొలంలో పిన్ను టిక్కుమంది, తూటా పేలలేదు. వెంట్రుకవాసి పొట్టిదైంది. కిటికీ వైపు తిరిగి పడుకున్న అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. అప్పటికే ఆమెకు గంజి కూడా దిగడం లేదు. ఆ చప్పుడు వినకుండానే పోతుందేమోనని నా భయం.

మర్నాడు తాతయ్య ఒక్కడే మళ్ళీ తెనాలి వెళ్ళాడు. ఈసారి మస్తాన్ నోరు విప్పలేదట, రెండో పిన్ను చేసేదాకా అన్నానికి కూడా లేవలేదట.

పొద్దుగూకింది. అమ్మమ్మ చెయ్యి నా చేతిలో ఉంది. దూరంగా, దీపావళి టపాకాయపాటి కూడా లేని సన్నటి చప్పుడు. ఆమె కళ్ళు తెరిచి నావైపు చూసింది. నన్నెవరనుకుందో ఏమో.

“బియ్యం కడగవే, నాన్న బయల్దేరాడు.”

అప్పటికే వంటైపోయింది. అయినా అమ్మ వంటింట్లోకి వెళ్ళి, ఏడుస్తూనే బియ్యం కడిగింది. దీపావళి రాకముందే అమ్మమ్మ పోయింది. మరుసటి దసరాకి తాతయ్య రైఫిలుకు బొట్టు పెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా గుడ్డ కప్పేశాడు.

ఇప్పుడు తాతయ్య లేడు. రైఫిలు ప్రభుత్వానికి అప్పగించేశాం. ఆ పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాయి, వాలడానికి పిట్టలకు వరి వెన్నే లేదు. విరిగిన పిన్ను మాత్రం అమ్మమ్మ కుంకుమభరిణెలో నా దగ్గరుంది. ఏటా దసరాకి దాన్ని కుట్టుమిషను పక్కన పెట్టి పూజ చేస్తాను. పూజవగానే నా కూతురు సరదాగా మిషను చక్రం ఒకసారి ఖాళీగా తిప్పబోతుంది. నేను చెయ్యి పట్టుకుంటాను.

“ఎందుకమ్మా?” అంటుంది.

బియ్యం కడగడానికి లేస్తాను.