అమెరికా సారు ఇచ్చిన శుక్రవారం

మస్కట్‌లో నేను డ్రైవరుగా చేస్తున్న రేడియో కంపెనీకి ఒక అమెరికా ఆయన పెద్ద బాసుగా వచ్చాడు. అరవై దాటిన మనిషి. మొదటిరోజు నేను వెనక డోరు తీసి పట్టుకుంటే, దాన్ని తనే మూసేసి, ముందుకొచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. అంతకుముందు ఏ బాసూ అలా కూర్చోలేదు. నేను ఆయనకు అక్కడే పడిపోయాను.

ఆయన ఇల్లు అల్ మవాలేలో, ఆఫీసు రూవిలో. దారిపొడవునా తన సంగతులు చెప్పేవాడు. చిన్న ఊళ్ళో రేడియో స్టేషను ఊడ్చే పనితో మొదలుపెట్టి, వార్తలు చదివి, చివరికి పెద్ద టీవీ చానళ్ళు నడిపాడట. ఆయన ఒక ప్రోగ్రాము టైము మారిస్తే అక్కడి జనం అన్నం తినే వేళ మారేదని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు.

ఒకరోజు నేను ఫోన్లో మా అన్నతో మాట్లాడుతుంటే విన్నాడు.

"ఇదేం భాష?"

"తెలుగు సార్."

"మీవాళ్ళు ఇక్కడ ఎంతమంది?"

"ఏ సైటుకు పోయినా ఉంటారు సార్."

"మరి మన రేడియోలో ఎందుకు లేదు?"

నెల తిరక్కుండా శుక్రవారం పొద్దున ఒక గంట తెలుగు మొదలైంది. మాట్లాడేది నేనే, పదో తరగతి తప్పినవాణ్ణి. ఆయన అద్దం అవతల నిలబడి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నా గొంతు విని తప్పులు పట్టేవాడు. "కాగితం చూడకు. రూమ్‌లో మంచమ్మీద ఒక్కడు కూర్చుని వింటున్నాడనుకో. వాడితో మాట్లాడు. వాడు మాట్లాడితే నువ్వు నోరు మూసుకో." మా నాన్న కూడా అంత ఓపిగ్గా నాకు ఏదీ నేర్పలేదు.

ఆ ఎండాకాలం రికార్డింగు కోసం సహం అనే ఊళ్ళో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్యాంపుకు వెళ్ళాను. అక్కడ జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన మా ప్రోగ్రాము వదలకుండా వినేవాడు. నడిమధ్యాహ్నం ఎండలో బయట పని చేయించకూడదని ఇక్కడ రూలు. వాళ్ళ సూపర్‌వైజరు మాత్రం చేయిస్తూనే ఉన్నాడు. మేస్త్రీతో పనిచేసే ఒకతను ఆ ఎండకే కుప్పకూలాడు. అదంతా చెప్పి మేస్త్రీ మైకు మీద చెయ్యి పెట్టాడు.

"తమ్మీ, మనోనివని చెప్పిన. నా గొంతు మాత్రం బయటికి రావద్దు."

"రాదన్నా. నాది జిమ్మెదారి."

మర్నాడు కారులో సారుకు వినిపించి, నాకొచ్చిన ఇంగ్లిషులో అర్థం చెప్పాను. ఆయన దాన్ని మళ్ళీ మొదటినుంచి వేయించుకుని విన్నాడు. తర్వాత నా భుజమ్మీద చెయ్యి వేశాడు. "ఇన్నేళ్ళలో నన్ను నమ్మి మాట్లాడిన మనిషిని నేను పట్టివ్వలేదు. ఇది నా దగ్గరుంటే భద్రం." రికార్డింగున్న పెన్ డ్రైవ్ ఆయన చేతిలో పెట్టాను.

వారం గడవలేదు. మేస్త్రీ ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తున్నారు.

"ఆఫీసుల కూసోబెట్టి నా గొంతు నాకే వినిపించిండ్రు. నువ్వేనా తమ్మీ ఇచ్చింది?"

"అన్నా..." అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

తలుపు తట్టకుండానే సారు గదిలోకి వెళ్ళాను.

"వాళ్ళకు వినిపించారా సార్?"

"వినిపించాను. తప్పు దిద్దుకుంటారని. ఆ యజమాని నాకు స్నేహితుడు."

"ఆ మనిషిని పంపేస్తున్నారు."

"అది వాళ్ళ నిర్ణయం" అని కంప్యూటరు వైపు తిరిగాడు.

తర్వాతి వారం నుంచి మా గంటకు ఆ కంపెనీ ప్రకటనే వచ్చింది. మూడు శుక్రవారాలు వాళ్ళ పేరు నేనే చదివాను. నా వీసా కూడా ఒకరి చేతిలోనే ఉంది. నాలుగో వారం, వేరే పనికి పోయేందుకు రిలీజు కాగితం అడిగాను. సారు వెంటనే సంతకం పెట్టాడు. వద్దంటాడని, కనీసం ఎందుకని అడుగుతాడని ఎదురుచూశాను. అదీ సిగ్గే.

ఇప్పుడు నర్సులను డ్యూటీకి దింపే బండి నడుపుతున్నాను. ఒకరోజు భీమవరం వైపు సిస్టరొకామె ఫోన్లో ఒక వార్త చూపించింది. "అన్నయ్యా, ఇది మీరే కదా?" సారుకు వేరే దేశంలో ఇంకా పెద్ద ఉద్యోగమొచ్చిందట. కూలీలకు గొంతునిచ్చిన మనిషని పొగుడుతూ రాశారు. ఫొటోలో మైకు ముందు నేను, వెనక ఆయన. అది చూసి, క్రిస్మస్‌కు ఆ నర్సుల చర్చిలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. మైకు పట్టుకోగానే నా కళ్ళు ఎదురుగా ఒక్క మనిషిని వెతుక్కున్నాయి. ముందు వరసలో ఒకామె కనిపిస్తే ఆమెతోనే మాట్లాడాను. అందరూ మెచ్చుకున్నారు. నేర్పింది ఎవరో గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

పోయిన సెలవులో మేస్త్రీ ఊరికి వెళ్ళాను. పొలంలో పసుపు తవ్వుతున్నాడు. జరిగిందంతా చెప్పాను, మూడు శుక్రవారాలతో సహా. గడ్డపార ఆపకుండా విన్నాడు.

"నువ్వు ఆయన్ని నమ్మినవ్. నేను నిన్ను నమ్మిన" అన్నాడు. ఒక పసుపు కొమ్ముకున్న మట్టి దులుపుతూ, "ఇంట్ల మాత్రం పాణం బాగలేక వచ్చిన అని చెప్పిన. వేరే మాట తియ్యకు."

ఇంటి దగ్గర వాళ్ళావిడ చాయ్ ఇచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అక్కడ ఈయనకు నిజంగనే పాణం బాగలేకుండెనా తమ్మీ?"

"అవునక్కా" అన్నాను.

మేస్త్రీ కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి, నేను బయల్దేరేదాకా రాలేదు.