అమ్మ కోసం పెంచిన గుట్ట

మొన్నటి వానలకు వారం రోజులుగా పేరుకున్న బట్టలను ఉతకడానికి తీస్తే ముక్కిన వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మకు కడుపు ఆపరేషన్ చేసి, ఆత్మకూరు ఆసుపత్రిలో పదిహేను రోజులు పెట్టుకున్నారు. సీతారామపురంలో ఇంటికాడ నాయన, నేను. విడిచిన బట్టలు మూలన గుట్ట పడినాయి. ఎప్పుడడిగినా నాయన, "మీ అమ్మొచ్చి ఉతుకుతాదిలే" అనేవాడు.

గుట్ట పెరిగేకొద్దీ అమ్మ తొందరగా వస్తుందనుకున్నాను. ఉన్న గౌన్లన్నీ మార్చి మార్చి వేసుకుని, కావాలని మట్టిలో పొర్లేదాన్ని.

అమ్మ వచ్చింది. కడుపు పట్టుకుని గుట్ట ముందు నిలబడింది.

"నేనే ఎక్కువ మాపినానమ్మా, నువ్వు రావాలని," అన్నాను గర్వంగా.

అమ్మ నాయన వైపు తిరిగింది. నాయన చొక్కాలు ఒక్కొక్కటే తీసి వాకిట్లోకి విసిరింది.

"నాకు కుట్లింకా ఆరలా. నీ చేతులకేమైంది? లేసి ఉతుకు పో!"

నాయన లేచి ఉతికినాడు. పక్కింటి అవ్వ గోడ మీంచి చూసి, "ఎంత మంచోడమ్మే నీ మొగుడు!" అనింది.

ఆయన ఉతికింది ఆ ఒక్కరోజే. మర్నాటి నుంచి మళ్లీ అమ్మే. నాయన మంచితనం గురించి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అమ్మ కుట్ల మాట ఎవరికీ గుర్తులేదు.