కాళ్లకు నులకమంచాలు

ఆ రోజుల్లో దుబాయ్ పోయిన మనిషి బంగారం మీద నడుస్తుందని మా ఊరివాళ్ల నమ్మకం. నేను దేని మీద నడిచానో చెబితే నవ్వుతారు, నవ్వండి. ఖోర్ ఫక్కాన్‌లో ఓడరేవు ఇంజినీరుగారింట్లో నాది వంటపని. మా ఆయనది కొండలకు అవతల, ఇసుకలో రోడ్డు వేసే క్యాంపు. మధ్యన ఉన్నవి కొండలే అయినా, నాకు సెలవుంటే ఆయనకు లేక, ఇద్దరికీ ఉంటే బండి దొరక్క, చలికాలం వచ్చేదాకా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఇంజినీరుగారి భార్య తెల్లదొరసాని, ఆమెను మేడం అనేవాళ్లం. ఆమె గదిలో గోడకు రెండు వస్తువులు వేలాడుతుండేవి. వంచిన కర్రచట్రం, మధ్యలో తోలుతాళ్ల అల్లిక. అచ్చం చిన్న నులకమంచాలు. (వాళ్ల దేశంలో పిల్లలు పిల్లికూనలంతే పుడతారేమోనని జాలిపడుతూ రోజూ వాటి దుమ్ము దులిపేదాన్ని.)

ఒక సాయంత్రం మా డ్రైవర్ మామ, నెల్లూరు సాయిబు, వంటింటి గుమ్మంలోకొచ్చి, “మ్మా, మీ ఆయన క్యాంపు ఎత్తేస్తన్నారంట. శుక్రవారం నమాజు కాంగానే లారీలో బనియాస్‌కి. ఆడికిపోతే ఇంక మీరు కలిసేది ఎప్పుడో ఏందో” అన్నాడు. నా ఏడుపు విని మేడం వచ్చింది. మామ వచ్చిన ఇంగ్లీషులో సంగతి చెప్పాడు. ఆమె వెళ్లి గోడమీది మంచాలు దించి, మామకు ఏదో చెప్పింది.

“గవెందుకు మామా?” అన్నాను.

“వాళ్ల దేశంలో చలికాలం కొండల మీద నడుములోతు మంచు పడుద్దంట. ఇయ్యి కాళ్లకి కట్టుకోని, దిగబడకుండా కొండదారుల్లో తిరగతారంట. ఈడ మంచు యాడుంది? ఇసకలో అన్నా నడిచి చూస్తదంట. నిన్ను రమ్మంటంది. సర్దుకో.”

శుక్రవారం తెల్లారకముందే మా ఆయనకని బియ్యప్పిండితో సర్వపిండి కాల్చి డబ్బాకెత్తుకున్నాను. కొండ మలుపు దాకా జీపు, అక్కణ్నుంచి మేకల బాటన నడక. కనుమ ఎక్కేసరికి అవతల, ఇసుకదిబ్బల వెనుక, లారీలోకి మనుషులు ఎక్కుతూ చీమల్లా కనబడ్డారు. దిగీదిగగానే ఇసుకలో నా హవాయి చెప్పు తెగింది. అడుగు వేస్తే పిక్కల దాకా దిగబడుతున్నాను. మేడం అప్పటికే మంచాలు కట్టుకుని ముందు నడుస్తోంది, ముఖం పుట్టింటికొచ్చినట్టు వెలిగిపోతోంది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. కూలబడి, తన కాళ్లవి విప్పి, నా కాళ్లకు కట్టి, ఇక పద అన్నట్టు “యల్లా!” అంది.

నడక అంటే నడకా అది! గుడ్డు పెట్టబోయే బాతులా కాళ్లు ఎడం చేసుకుని, ఒక మంచం మీద ఇంకో మంచం వేసి బోర్లా పడి, సర్వపిండి డబ్బా నాకన్నా ముందు దొర్లుతుంటే దాని వెంటపడ్డాను. దిగబడలేదు మాత్రం. చివరి దిబ్బ ఎక్కేసరికి లారీ కదిలింది. అరిచాను, ఇంజను మోతలో వినబడలేదు. ఇంకేం చేయను, ఒక కాలు ఎత్తి మంచాన్ని ఊపాను. ఆ ఊపుకు వెల్లకిలా పడి లారీ వైపు జారిపోయాను.

“ఆపుర్రి! ఎవలో ఆడామె కాళ్లకు మంచాలు గట్టుకొని వస్తాంది!” అని లారీ అంతా ఒకటే నవ్వు. ఆ నవ్వుల్లోంచి ఒక గొంతు: “ఆపు భాయ్, గది మా ఆమెనే!”

“జల్దీ, జల్దీ” అని కసురుతూనే పఠాన్ డ్రైవరు ఇంజను ఆపేశాడు. మా ఆయన దూకి వచ్చి, ఇసుక దులుపుతూ, “మంచాలు రెండు తెచ్చినవ్, దుప్పటేదే?” అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వాళ్లంతా సర్వపిండి తింటున్నంతసేపూ మేం చాయ్ తాగుతూ లారీ నీడన కూర్చున్నాం. వెనకాలే బూట్ల నిండా ఇసుకతో వచ్చిన మేడం, మాకు వీపు పెట్టి, చూసిన కొండలనే మళ్లీ చూస్తూ నిలబడింది.

జుట్టు నెరిశాక దిద్దుకున్న అక్షరాలు ఇవి. అవి అప్పుడే వచ్చి ఉంటే, తన దేశం వెళ్లిపోయిన మేడంకు ఉత్తరం రాసేదాన్ని: మీ మంచు నేను చూడలేదు కానీ, తల్లీ, దాని మీద నడిచే మనసును చూశాను అని. ఇప్పటికీ మోకాళ్ల నొప్పికి వాకిట్లో నులకమంచం మీద కాళ్లు చాపితే చాలు, మా ఆయన చుట్ట పక్కన పెట్టి అడుగుతాడు: “ఏందే, మల్ల లారీ ఆపుతున్నవా?”